కదలని మనిషి సాక్ష్యం

అమెరికన్ తత్త్వవేత్త డేనియల్ డెనెట్ 1978లో ప్రచురించిన ‘బ్రెయిన్‌స్టార్మ్స్’ అనే సంపుటిలో, నొప్పిని అనుభవించే కంప్యూటర్‌ను ఎందుకు తయారుచేయలేమో చర్చించే దీర్ఘవ్యాసం ఒకటుంది. కంప్యూటర్ల సంగతి తెలుసుకుందామని తెరిచిన పాఠకుడు నాలుగు పేజీలు తిరగకముందే ఆపరేషన్ థియేటర్‌లో తేలతాడు. నొప్పి అంటే ఏమిటో తేల్చుకోవాలంటే ముందు నొప్పి తెలియకుండా చేసే మందులు ఏం చేస్తాయో చూడాలన్నది డెనెట్ వాదం. ఆ దారిలో ఆయన ఒక పాత సంగతిని ప్రస్తావిస్తాడు. 1940లలో క్యురారే అనే మందును కొందరు వైద్యులు మత్తుమందుగానే వాడారు. అది ఎక్కించిన రోగులు కత్తి కింద కిక్కురుమనకుండా పడుకున్నారు. తరువాత మాత్రం, తమకు అంతా తెలుస్తూనే ఉందనీ, భరించలేని బాధ పడ్డామనీ చెప్పారు. వైద్యులు నమ్మలేదు. ఆ రోగులలో ఎక్కువమంది పసివాళ్ళూ చిన్నపిల్లలూ అని డెనెట్ ఒక్క మాటగా అనేసి తన వాదంలోకి వెళ్ళిపోతాడు. వ్యాసం ముందుకు సాగిపోయినా, చదివేవాడు అక్కడ ఆగక తప్పదు.

క్యురారే దక్షిణ అమెరికా అడవులలోని వేటగాళ్ళు బాణాల మొనకు పూసే విషం. తగిలిన జంతువుకు గాయం చిన్నదే అయినా నిమిషాలలో కాళ్ళు కూలబడతాయి, మెడ వాలిపోతుంది, చివరికి ఊపిరి ఆడించే కండరాలు ఆగిపోతాయి. 1814లో చార్లెస్ వాటర్‌టన్ అనే ఆంగ్లేయుడు ఒక ఆడ గాడిదకు ఈ విషం ఎక్కించి, అది పడిపోయాక గొంతుకు గాటుపెట్టి, కొలిమితిత్తులతో గంటల తరబడి గాలి ఊదించాడు. గాడిద లేచి నిలబడింది, ఆ తరువాత పాతికేళ్ళు బతికింది. ఊపిరి ఒక్కటి మరొకరు ఆడిస్తే చాలు, ఈ విషం మనిషిని చంపదని అప్పుడే తెలిసిపోయింది. ఆపైన ఫ్రాన్స్‌లో క్లోడ్ బెర్నార్డ్ కప్పల మీద ప్రయోగాలు చేసి ఇంకొక మెట్టు ఎక్కాడు. విషం తగిలిన కప్పలో నరాన్ని ప్రేరేపిస్తే కాలు కదలలేదు, కండరాన్నే నేరుగా ప్రేరేపిస్తే కదిలింది. అంటే కండరం చెడలేదు, నరం నుంచి దానికి అందవలసిన ఆజ్ఞ అందడం లేదు. కండరం తన పనికి వాడుకునే ఇంధనపు నిల్వలలో ఒకటైన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో బోస్టన్‌లోని హార్వర్డ్ వైద్య కళాశాలలో కనుగొన్న ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. క్యురారే ఆ ఇంధనం జోలికి పోదు. దీపంలో నూనె ఉంటుంది, వత్తి ఉంటుంది, వెలిగించే చెయ్యే రాదు.

ఈ విషం అమెరికన్ ఆస్పత్రి మెట్లెక్కిన కథ సాహసగాథలాగే ఉంటుంది. రిచర్డ్ గిల్ అనే అమెరికన్ తన నరాల జబ్బుకు ఇది పనికొస్తుందేమోనన్న ఆశతో 1938లో ఈక్వడార్ అడవుల నుంచి క్యురారే ముద్దను తెచ్చాడు. ఆ ప్రయాణాన్ని 1940లో ‘వైట్ వాటర్ అండ్ బ్లాక్ మ్యాజిక్’ అనే పుస్తకంగా రాశాడు. స్క్విబ్ అనే మందుల సంస్థ ఆ ముద్దను శుద్ధి చేసి ఇంటోకాస్ట్రిన్ అనే పేరు పెట్టింది. నెబ్రాస్కాలో బెన్నెట్ అనే వైద్యుడు, మూర్ఛలు తెప్పించి చేసే మానసిక చికిత్సలో రోగుల ఎముకలు విరగకుండా దీనిని వాడాడు. 1942 జనవరి 23న కెనడాలోని మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్, ఈనిడ్ జాన్సన్ అనే ఇద్దరు మత్తువైద్యులు అపెండిక్స్ శస్త్రచికిత్సలో, మత్తు ఇచ్చిన రోగికే దీనిని అదనంగా ఎక్కించారు. అంతవరకూ పొట్ట కండరాలు సడలాలంటే ఈథర్‌ను ప్రాణం మీదికి వచ్చేటంత లోతుగా ఇవ్వవలసి వచ్చేది. ఇక ఆ అవసరం లేకపోయింది. నిద్రకు ఒక మందు, నొప్పికి ఒకటి, నిశ్చలతకు ఒకటి అని పని పంచుకోవడం అలా మొదలైంది. పంపకాలు జరిగిన ప్రతి ఇంట్లోలాగే ఇక్కడా ఒకరి వాటా ఇంకొకరిదనుకునే పొరపాటు జరిగింది. నిశ్చలతను కొందరు నిద్ర అనుకున్నారు.

దానిని తేల్చడానికి యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో స్కాట్ స్మిత్ అనే మత్తువైద్యుడు తానే బల్ల మీద పడుకున్నాడు. ఏ మత్తుమందూ లేకుండా, ఊపిరి పూర్తిగా ఆగడానికి కావలసిన మోతాదుకు రెండున్నర రెట్ల ట్యూబోక్యురారిన్‌ను విడతలు విడతలుగా ఎక్కించుకున్నాడు. తోటివారు కృత్రిమంగా ఊపిరి ఆడించారు, మెదడు తరంగాలు నమోదు చేశారు, ప్రశ్నలడిగారు, సూదులతో గుచ్చారు. మాట పోయాక కొంతసేపు కనుబొమ్మల కదలికతో జవాబులిచ్చాడు. తరువాత అదీ పోయింది. కదలిక తిరిగొచ్చాక ఆయన చెప్పినది: స్పృహ ఒక్క క్షణం కూడా మసకబారలేదు, గదిలో అన్న ప్రతి మాటా విన్నాడు, ప్రతి గుచ్చూ తెలిసింది. ఈ ఫలితం 1947 జనవరిలో అచ్చయింది. రచయితలలో లూయీ గుడ్‌మన్ ఒకరు. గుంటూరులోనో విశాఖలోనో వైద్యం చదివి, గుడ్‌మన్ గిల్మన్ పుస్తకం బరువు మోసినవారికి ఆ పేరు వేరే పరిచయం అక్కరలేదు. దాదాపు అదే కాలంలో లండన్‌లో ఫ్రెడరిక్ ప్రెస్కాట్ అనే వైద్యుడు కూడా ఇదే పని చేసి, తన ఉమ్మిలో తానే మునిగిపోతున్నట్టు భయపడ్డానని చెప్పాడు.

స్మిత్ సాహసం గొప్పదే. వైద్యచరిత్రలు దానిని మెచ్చుకోవడం న్యాయమే. అయితే ఆ పత్రంలో కొత్తగా తెలిసినదేమిటి? పిల్లలు అప్పటికే చెప్పినదే. అదే మాట తెల్లకోటు తొడుక్కున్న పెద్దమనిషి నోట వచ్చాక విజ్ఞానమైంది. అంతకుముందు అది పిల్లల ఏడుపు.

జనం నోట అహల్య రాయి అయింది. వాల్మీకి రామాయణంలో ఆమె రాయి కాదు. గాలే ఆహారంగా, బూడిదలో పడి, ఎవరికీ కనబడకుండా, తపిస్తూ ఉంటుంది. ఈ రెండు కథనాల మధ్య తేడా చిన్నదిగా కనిపించవచ్చు. రాయి అనుకుంటే చూసేవారికి కొంత నిశ్చింత. లోపల తెలివితో తపిస్తున్న మనిషి అనుకుంటే ఆ నిశ్చింత ఉండదు.

చూసేవారి నిశ్చింత కోసమే ఈ మందును వాడిన చోటు కూడా అమెరికాలో ఉంది. 1977లో ఓక్లహోమా రూపొందించిన మరణశిక్ష పద్ధతి, 1982లో టెక్సాస్‌లో మొదటిసారి అమలైన పద్ధతి, మూడు మందుల వరస: నిద్రకు థయోపెంటాల్, కండరాలు చచ్చుబడడానికి పాన్‌క్యురోనియం, గుండె ఆగడానికి పొటాషియం క్లోరైడ్. చంపడానికి మధ్య మందు అవసరమే లేదు. మొదటి మందు సరిగా పనిచేయకపోతే మూడోది రక్తనాళాలను కాల్చే బాధ, ఆ బాధ ఎవరికీ కనబడకుండా చేసేది రెండోది. కెంటకీ ఖైదీల వ్యాజ్యంలో 2008 ఏప్రిల్ 16న సుప్రీంకోర్టు ఈ పద్ధతిని సమర్థించింది. ఆ తీర్పుతో ఏకీభవిస్తూనే న్యాయమూర్తి స్టీవెన్స్, జంతువులను చంపేటప్పుడు కెంటకీలో నిషేధించిన మందును మనుషులకు వాడడంలోని వైపరీత్యాన్ని విడిగా రాశాడు. సాక్షులకు చూడ ముచ్చటగా ఉండడం తప్ప ఆ మందుకు అక్కడ వేరే ప్రయోజనం లేదు.

ఆస్పత్రిలో సంగతి వేరు. అక్కడ పంపినవాడిని వెనక్కి తీసుకురావాలి. ముల్లును ముల్లుతోనే తీయాలన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమైంది. పశ్చిమ ఆఫ్రికాలో కలబార్ ప్రాంతపు ప్రజలు నేరస్థుడెవరో తేల్చడానికి ఒక రకం చిక్కుడుగింజలు తినిపించేవారు. బతికితే నిర్దోషి. ఆ గింజలోని ఫైసోస్టిగ్మిన్ అనే విషం, క్యురారేతో పడిపోయిన కుక్కకు మళ్ళీ ఊపిరి ఆడించడం 1900లో వియన్నాలో యాకబ్ పాల్ చూశాడు. 1934లో లండన్ శివారు గ్రీనిచ్‌లో మేరీ వాకర్ అనే వైద్యురాలు, మయస్తీనియా గ్రావిస్ రోగులు క్యురారే తగిలినవారిలాగే ఉన్నారని గమనించి, అదే విరుగుడు ఇచ్చి వాలిన రెప్పలు లేచేలా చేసింది. దాని చెల్లెలి వంటి నియోస్టిగ్మిన్ తరువాతి దశాబ్దాలలో ప్రతి ఆపరేషన్ థియేటర్‌లోనూ స్థిరపడింది.

అది పనిచేసే తీరు ఆర్టీసీ బస్సులు ఎక్కినవారికి సులువుగా బోధపడుతుంది. నరం చివర నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం బయలుదేరి కండరం మీది సీట్లలో కూర్చుంటేనే కండరం కదులుతుంది. క్యురారే ఆ సీటు మీద కిటికీలోంచి వేసిన తువ్వాలు. తాను కూర్చోదు, ఇంకొకరిని కూర్చోనివ్వదు. మామూలుగా ఎసిటైల్‌కోలిన్‌ను రెప్పపాటులో విరిచి పారేసే ఎంజైమ్ ఒకటి అక్కడే ఉంటుంది. నియోస్టిగ్మిన్ ఆ ఎంజైమ్ చేతులు కట్టేస్తుంది. ప్రయాణికులు గుంపు కడతారు, తోపులాటలో తువ్వాళ్ళు జారిపోతాయి. కానీ తువ్వాళ్ళు మరీ ఎక్కువగా ఉంటే ఈ తోపులాట చాలదు, ఎంజైమ్ మొత్తం ఆగిపోయాక మందు ఇంకెంత పోసినా అదనపు ఫలం ఉండదు. పైగా అదే గుంపు గుండె దగ్గర కూడా చేరి దాని వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే అట్రోపిన్ వంటి మరొక మందును కూడా జత చేయాలి. ఒక విషం, దానికొక విరుగుడు, విరుగుడుకు విరుగుడు.

తీసుకురావడం పంపినంత తేలిక కాదని అమెరికా కొంచెం కష్టంగానే నేర్చుకుంది. బోస్టన్‌కు చెందిన హెన్రీ బీచర్, డొనాల్డ్ టాడ్ 1954లో ఒక నివేదిక ప్రచురించారు. 1948 నుంచి 1952 వరకు పది ఆస్పత్రులలో ఇచ్చిన 5,99,548 మత్తులను పరిశీలిస్తే, కండరాల సడలింపు మందు వాడనిచోట మత్తువల్ల మరణం 2,100 మందిలో ఒకరికి, వాడినచోట 370 మందిలో ఒకరికి. ఈ మందులోనే ఏదో సహజమైన విషగుణం ఉందని వారు అనుమానించారు. తరువాతి తరాలు ఆ అంకెలను మరొకలా చదివాయి. రోగికి చాలినంత ఊపిరి ఆడించకపోవడం, మందు దిగకముందే దిగిందనుకోవడం కూడా ఆ మరణాలలో ఉన్నాయి. మందును నిందించడం తేలిక. చేతిని, కంటిని అనుమానించడం వైద్యుడికి ఎప్పుడూ కష్టమే.

దిగిందో లేదో తెలిసేదెలా? 1970లో లివర్‌పూల్‌లో హసన్ అలీ, సహచరులు ఒక ఉపాయం ప్రకటించారు. మణికట్టు దగ్గరి నరానికి అర సెకను ఎడంతో నాలుగు చిన్న విద్యుత్ తాకిడులు ఇస్తే బొటనవేలు నాలుగుసార్లు కదులుతుంది. మందు ఇంకా మిగిలి ఉంటే నాలుగో కదలిక మొదటిదానికన్నా చిన్నది. ఆ రెంటి నిష్పత్తే కొలమానం. మొదట్లో 0.7 చాలన్నారు. 1997లో న్యూయార్క్‌కు చెందిన ఆరన్ కోప్‌మన్ బృందం పదిమంది ఆరోగ్యవంతులకు, మెలకువగా ఉండగానే మివాక్యురియం ఎక్కించి చూసింది. స్మిత్ పత్రానికి సరిగ్గా యాభై ఏళ్ళు. మళ్ళీ మనిషినే అడగవలసి వచ్చింది. నిష్పత్తి 0.6 దగ్గరే వాళ్ళు తల ఎత్తి అయిదు సెకన్లు నిలపగలిగారు. తల ఎత్తగలిగితే బలం వచ్చినట్టేనని దశాబ్దాలుగా నమ్మిన పరీక్ష అది. కానీ పళ్ళ మధ్య చెక్కపుల్లను గట్టిగా పట్టుకోవడం చాలా తరువాతగాని వీలు కాలేదు. 0.9 దగ్గర కూడా కొందరికి చూపు చెదురుతూనే ఉంది. ఇతరుల ప్రయోగాలలో, 0.9 కన్నా తక్కువలో మింగే కండరాలు తడబడడం, మింగినది ఊపిరిగొట్టం వైపు జారడం కనిపించాయి. తల ఎత్తగలిగినవాడు తన ఉమ్మిని మింగలేకపోవచ్చు.

ఇంకొక చిక్కు. వేలి కదలికను కంటితో చూసో, చేత్తో తాకో అంచనా వేస్తే 0.4 దాటిన తరువాత ఎంత అనుభవజ్ఞుడికైనా తేడా తెలియదు. 0.4కీ 0.9కీ మధ్య ఉన్న ఆ దూరమంతా చీకటే. పది అమెరికన్ కేంద్రాలలో చేసి 2019లో ప్రచురించిన ఒక పరిశీలనలో, నియోస్టిగ్మిన్ ఇచ్చి గొట్టం తీసే సమయానికి 64.7 శాతం రోగులు 0.9కి చేరనే లేదు. వారికి చికిత్స చేసినవారు అసమర్థులు కారు. ఎప్పటిలాగే చూసి, తాకి, సరేననుకున్నారు. అమెరికన్ మత్తువైద్యుల సంఘం 2023 మార్గదర్శకాలలో, అంకెతో కొలిచే యంత్రాన్నే వాడమనీ, 0.9 చేరాకే గొట్టం తీయమనీ, కంటి చుట్టూ ఉండే కండరాలను కాక బొటనవేలినే నమ్మమనీ చెప్పింది. అలీ ఉపాయానికీ ఈ మాటకూ మధ్య యాభై మూడేళ్ళు గడిచాయి.

తెలుగువారికి ఇందులో ప్రత్యేకంగా ఆలోచించవలసినది ఒకటుంది. పిల్లల దగ్గరికి అమెరికా వచ్చిన తల్లో తండ్రో ఏ పిత్తాశయపు రాళ్ళకో ఆపరేషన్ చేయించుకుని మెలకువలోకి వస్తున్నారనుకుందాం. తల ఎత్తమనీ, చెయ్యి నొక్కమనీ, నాలుక చాపమనీ ఆజ్ఞలన్నీ ఇంగ్లీషులో వస్తాయి. దుబాసీ ఫోనులోనో తెర మీదనో దొరుకుతాడు, కానీ గొట్టం తీసే ఆ అర నిమిషంలో ఆయన లైనులోకి రావడం అదృష్టం మీద ఆధారపడిన విషయం. పెద్దాయన చెయ్యి నొక్కలేదంటే బలం లేకనా, మాట అర్థం కాకనా, మత్తు వదలకనా? అరకొరగా తిరిగొచ్చిన గొంతుతో “ఆయాసంగా ఉందమ్మా” అంటే, ఆ మాట ఎవరికి చేరుతుంది? బొటనవేలికి కట్టిన యంత్రానికి మాత్రం ఏ భాషా అక్కరలేదు.

విరుగుడు కూడా ఈమధ్య మారింది. స్కాట్లండ్‌లోని న్యూహౌస్‌లో ఆర్గనాన్ సంస్థ రసాయనవేత్త ఆంటన్ బామ్, రోక్యురోనియం అనే సడలింపు మందును కరిగించే పదార్థం కోసం వెతుకుతూ సైక్లోడెక్స్‌ట్రిన్‌ల దగ్గర ఆగాడు. ఎనిమిది చక్కెర అణువులు వలయంగా కూడిన, నడుమ తూటు ఉన్న గారె వంటి నిర్మాణం అది. రోక్యురోనియం వచ్చి ఆ తూటులో ఇరుక్కుపోతుంది, మళ్ళీ బయటపడడం కష్టం. సుగమ్మడెక్స్ అన్న ఈ మందు తోపులాట ఏమీ పెట్టదు, తువ్వాలునే తీసుకుపోతుంది. యూరప్ 2008లో అనుమతించింది. అమెరికా ఎఫ్‌డీఏ మాత్రం అలర్జీల భయంతో వెనక్కి పంపుతూ వచ్చి 2015 డిసెంబరు 15న అంగీకరించింది. లోతైన సడలింపు నుంచి కూడా కొద్ది నిమిషాలలో మనిషిని లేపగలగడం పాత తరం మత్తువైద్యులకు ఇంద్రజాలంలా తోచింది. అయితే ఆ గారె తూటులో కొంతవరకు ప్రొజెస్టిరోన్ వంటి హార్మోన్లు కూడా ఇరుక్కుంటాయి. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీ ఆ తరువాత ఏడు రోజులు వేరే జాగ్రత్త తీసుకోవాలి. ఆ సంగతి ఆమెకు చెప్పాలి, అదీ మెలకువ వచ్చీరాని మగతలో కాదు. ఎంత గొప్ప మందు వచ్చినా యంత్రంతో కొలవడం మానరాదన్నది కూడా ఆ 2023 మార్గదర్శకాల సారమే.

ఇంతవరకూ వచ్చినా డెనెట్ వేసిన రెండో ప్రశ్న అలాగే మిగిలి ఉంది. మత్తు అనుకుంటున్నది నిజానికి కదలికను ఆపే మందూ, జ్ఞాపకాన్ని చెరిపే మందూ కలిసిన మిశ్రమమే అయితే? బాధ కలిగింది, కదలలేకపోయారు, తరువాత గుర్తులేదు. అప్పుడు బాధ కలిగినట్టా, కలగనట్టా? తత్త్వవేత్తల కాలక్షేపంలా కనిపించే ఈ ప్రశ్నకు అంకెలు కూడా ఉన్నాయి. 2004లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనం 19,575 మంది రోగులను ఆపరేషన్ తరువాత పిలిచి అడిగింది. ఇరవై అయిదుగురు మధ్యలో మెలకువ వచ్చిందన్నారు, అంటే 0.13 శాతం. 2014లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశీలన, రోగులు తమంతట తాము చెప్పినవాటినే లెక్కించింది. పందొమ్మిది వేల మందిలో ఒకరు. సడలింపు మందు వాడినచోట సుమారు ఎనిమిది వేలలో ఒకరు, వాడనిచోట లక్షా ముప్ఫై ఆరు వేలలో ఒకరు. అడిగితే వచ్చే లెక్క వేరు, చెబితే వినే లెక్క వేరు.

ఆపరేషన్ జరుగుతుండగానే అడిగే పద్ధతి కూడా ఒకటుంది. 1977లో స్కాట్లండ్ మత్తువైద్యుడు మైకేల్ టన్‌స్టల్ ప్రవేశపెట్టాడు. సడలింపు మందు ఎక్కించే ముందు ఒక ముంజేతికి రక్తపోటు చూసే పట్టీ వంటిది బిగిస్తారు. మందు ఆ చేతిలోకి పోదు. ఒళ్ళంతా రాయైనా ఆ ఒక్క చెయ్యి మనిషిదిగానే ఉంటుంది. చెవి దగ్గర వంగి, వినబడుతుంటే చెయ్యి నొక్కమంటారు. 2017లో ప్రచురించిన అంతర్జాతీయ అధ్యయనంలో 260 మందిని ఇలా అడిగారు. పన్నెండుగురు నొక్కారు. నొప్పిగా ఉంటే మళ్ళీ నొక్కమన్నారు. అయిదుగురు మళ్ళీ నొక్కారు.